స్టెప్నీ పడవకు తాళం

తిరుపతిరావు గారు ఏ బండి ఎక్కాలన్నా ముందు దాని వెనక్కి వెళ్ళి చూస్తారు. ఆర్టీసీ బస్సయినా, పెళ్ళికి మాట్లాడుకున్న కారయినా సరే. స్టెప్నీ టైరు ఉందా, ఉంటే అందులో గాలుందా అని అరచేత్తో చరిచి, ఆ చప్పుడు విని, అప్పుడు ఎక్కుతారు. జగ్గయ్యపేటలో మా వీధి పిల్లలు ఆయన కనబడగానే తమ సైకిళ్ళ వెనక చక్రం చరిచి పకపకా నవ్వుతారు. ఆయనా నవ్వుతారు.

వయసులో ఉన్నంత కాలం ఆయన సిమెంటు లారీ తోలారు. ఒక వానాకాలం కంచికచర్లలో టీ తాగడానికి ఆగితే, గ్లాసు కింద పెట్టేలోపు ఎవరో లారీ స్టెప్నీ విప్పుకుపోయారు. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. ఇంకొంత దూరం పోయాక నిండు లోడు మీద టైరు పేలింది. వెనక్కి వెళ్ళి చూస్తే ఖాళీ చట్రం. ఈదురుగాలికి పైనున్న పట్టా చిరిగింది. వాన లోపలికి దిగింది. తెల్లారేసరికి లోడంతా గడ్డకట్టి రాయయింది. "కొడుకు పోయినా అంత ఏడవనేమో" అంటారాయన. భార్య ప్రేమకుమారి గారు వెంటనే అందుకుంటారు: "మనకి కొడుకుల్లేరుగా, అందుకని ఎన్నైనా చెప్తావు."

అప్పటినుంచి ఆయన స్టెప్నీకి గొలుసు, గొలుసుకు తాళం. టీ తాగినా లారీ వెనక వైపు మొహం పెట్టుకునే తాగేవారు.

ఎదురుగా వచ్చే లైట్లు చెదిరిపోయి కనిపించడం మొదలయ్యాక లారీ మానేశారు. బావమరిదితో కలిసి ఒక పాత మోటారు పడవ కొని వేదాద్రి రేవులో పెట్టారు. నరసింహస్వామి దర్శనం అయినవాళ్ళని నది మీద తిప్పి తీసుకొస్తారు. కార్తీకంలో అయితే జనం పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా ఆ పడవ మీదే. పైన రేకు కప్పు, రెండు వైపులా బల్లలు, ముందు కుంకుమ బొట్లు. గంగమ్మ తల్లి అని ఆ పడవలోకి చెప్పులతో ఎవర్నీ ఎక్కనివ్వరు.

"చూపు సరిగ్గా లేదన్నారు కదా బాబాయ్ గారూ, మరి పడవెలా నడుపుతున్నారు?" అని అడిగాను ఒకసారి.

"నది మీద ఎదురు లారీలు రావు కదమ్మా" అన్నారు.

ఆ జవాబు మా ఆయన కిషోర్‌కి భలే నచ్చింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను నందిగామలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పిల్లలు పుట్టాక చదువుకున్నదంతా భయంగా మారింది. పాలసీసా మూత, మేడ మెట్లు, కుక్కర్ విజిల్, అన్నిటిలోనూ నాకు జరగబోయేదే కనిపిస్తుంది. "నువ్వు భయపడటానికి సిలబస్ అక్కర్లేదు" అంటాడు కిషోర్.

తిరుపతిరావు గారి పెద్ద పడవకు ఒక చిన్న పడవ ఉంది. ఇసుక మేటల దగ్గర లోతు తక్కువ. పెద్ద పడవ కింద నీళ్ళలో తిరిగే ఫ్యాను ఇసుకకు తగిలి విరుగుతుంది. అందుకని దాన్ని లోతులో లంగరేసి, మనుషుల్ని చిన్న పడవలో దించుతారు. మొదట్లో దాన్ని తాడు కట్టి వెనకాల లాక్కెళ్ళేవారట. ఒకసారి పెద్ద పడవని వెనక్కి తిప్పుతుంటే ఆ తాడు వదులై ఫ్యానుకు చుట్టుకుంది. ఇంకోసారి అందరూ భోజనాలు చేస్తుండగా చిన్న పడవ మాయమైంది. వారం తిరిగాక ఎక్కడో లంకలో చేపల వలల కింద దొరికింది. అంతే, ఆయన జగ్గయ్యపేటలో ట్రాక్టరు ట్రక్కులు చేసే వెల్డింగ్ షాపుకు వెళ్ళి, పెద్ద పడవ వెనక రెండు ఇనప చేతులు అతికించుకొచ్చారు. వాటికి గిలకలు. గిలకల మీద తాళ్ళు లాగితే చిన్న పడవ నీళ్ళలోంచి లేచి, ఆ చేతులకు అడ్డంగా వేలాడుతుంది. దానికి ఆయన పెట్టిన పేరు స్టెప్నీ. పసుపు రంగు వేయించి, బయటి వైపు 'హారన్ ప్లీజ్' అని కూడా రాయించారు.

దానికి గొలుసు, గొలుసుకు తాళం. చెవి అక్కర్లేకుండా నొక్కితే పడే రకం తాళం.

మొదటిసారి అది చూసినప్పుడే అడిగాను. "ప్రాణం మీదికొస్తే దించాల్సిన పడవకి తాళం ఏంటి బాబాయ్ గారూ?"

"తాళం లేకపోతే ప్రాణం మీదికొచ్చే రోజుకి పడవే ఉండదమ్మా."

తాళంచెవి ప్రేమకుమారి పిన్ని దగ్గర ఉంటుంది. ఆయన దగ్గర ఉంటే నదిలో పడేసుకుంటారు. రెండోది అలాగే పోయింది. పిన్ని దాన్ని పిన్నీసుకు గుచ్చి సూత్రాల గొలుసుకు తగిలించుకుంటుంది.

పోయిన కార్తీకంలో మా వీధి వాళ్ళంతా ఆ పడవ మీద వనభోజనాలు పెట్టుకున్నారు. కిషోర్‌కి సెలవు దొరకలేదు. నేను, మా అత్తయ్య సత్యనారాయణమ్మ గారు, యూకేజీ చదువుతున్న మా ఆమని, ఇంకా పాకడం కూడా రాని చంటివాడు. వెళ్ళనంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "నువ్వు భయపడితే భయపడు, పిల్లని మాత్రం ఇంట్లో కట్టెయ్యకు" అన్నారు.

నది మధ్య ఒక ఇసుక మేట. తెల్లగా, పొడుగ్గా, నీళ్ళకు జానెడు ఎత్తులో. వత్సవాయి పొలం నుంచి తెచ్చిన ఉసిరి కొమ్మని మధ్యలో పాతి, దాని నీడలో తిందామని ఏర్పాటు. తిరుపతిరావు గారు పెద్ద పడవని మేటకు దిగువన లోతులో ఆపి, అందర్నీ చిన్న పడవలో విడతలుగా దించారు. చంటివాడు అప్పుడే నిద్రపోయాడు. వాడితో నేను పెద్ద పడవలోనే ఉండిపోయాను. ఆమని అత్తయ్య చెయ్యి పట్టుకుని దిగింది.

"లైఫ్ జాకెట్ తీయకు!" అని అరిచాను.

"నీళ్ళలో ఉన్నంతసేపూ తీయదులే, ఇసుకలో ఎందుకు, ఉడికిపోద్ది పిల్ల" అన్నారు అత్తయ్య.

ఆఖరి విడతలో పిన్ని గిన్నెలతో దిగింది. తిరుపతిరావు గారు ఇసుక అంటుకుంటుందని అందరి జాకెట్లూ పోగుచేసి చిన్న పడవలో వేసుకుని వచ్చారు. మా చెప్పులన్నీ పొద్దుటినుంచీ అందులోనే ఉన్నాయి. వచ్చి, గిలకలు తిప్పి దాన్ని పైకెత్తారు. గొలుసు చుట్టారు. తాళం నొక్కారు. టక్‌మంది. ఆయన చెయ్యి చేసిన పని అది. మనసు ఆ పక్కన కూడా లేదు. నాతో పులిహోరలో ఇంగువ గురించి మాట్లాడుతూనే చేశారు.

ఆ చప్పుడు నేను విన్నాను. విని ఏమీ అనలేదు. రోజూ చేసే పనే కదా అనుకున్నాను.

ఆమని ఉసిరి కొమ్మలోంచి ఒక చిన్న రెమ్మ విరిచి నీళ్ళ అంచుకు బెత్తెడు దూరంలో గుచ్చింది. "అమ్మా, ఇది నా చెట్టూ!" అని అక్కడినుంచే కేక వేసింది. నేను ఆ రెమ్మని చూస్తూ కూర్చున్నాను. పిల్ల ఆ రెమ్మ దాటి నీళ్ళలోకి రాకూడదని నాలో నేను గీత గీసుకున్నాను.

వాళ్ళు విస్తళ్ళు వేస్తుండగా చూస్తే, రెమ్మ మొదలు తడిసింది. ఇంకోసారి చూస్తే రెమ్మ నీళ్ళలో ఉంది. రెమ్మ కదల్లేదు. నీళ్ళే దాని దగ్గరికి వచ్చాయి.

"బాబాయ్ గారూ, నీళ్ళు పెరుగుతున్నాయి."

"గాలమ్మా. అల కొడతంది."

"అలయితే వచ్చి పోవాలి కదా. ఇది రావడమే గానీ పోవడం లేదు."

ఆయన కళ్ళు చికిలించి చూశారు. ఆ దూరానికి ఆయనకు రెమ్మ కనబడదు. లంగరు తాడు వైపు చూశారు. అది ఇందాకటికన్నా బిగుసుకుని ఉంది. నీళ్ళలో రంగు మారింది. మట్టి రంగు. ఎగువన ఎక్కడ వాన కురిసిందో, ఏ వాగు పొంగిందో మాకు తెలియదు.

"దించుతా, దించుతా" అంటూ వెనక్కి పరిగెత్తారు. గిలక తాడు పట్టుకున్నారు. తర్వాత చొక్కా జేబు తడుముకున్నారు. ప్యాంటు జేబులు తడుముకున్నారు. అప్పుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వెంటనే మేట వైపు తిరిగారు. తాళం ఇక్కడ ఉంది. చెవి అక్కడ, పిన్ని మెడలో ఉంది.

"ఈత వచ్చా మీకు?"

"లారీ డ్రైవరుకి ఈతెందుకు తల్లీ..." అన్నారు.

వీల్ స్పానరు తెచ్చి తాళాన్ని బాదారు. లారీకి వేసిన తాళమే అది. దొంగల కోసం ఏరి తెచ్చుకున్నది. సొంతదారు కొడితే మాత్రం ఎందుకు ఊడుతుంది? చంటివాడు లేచి ఏడుపు అందుకున్నాడు. ఆయన ముక్త్యాలలో చేపలవాళ్ళకు ఫోన్ చేశారు. వస్తున్నామన్నారు. వస్తారు, కానీ వాళ్ళు వచ్చేసరికి ఏముంటుంది?

"ఇంకాస్త పెరిగితే మన పడవే దగ్గరికి పోద్దమ్మా, కంగారు పడకు. నడుం లోతుంటే చాలు."

"ఎవరి నడుం బాబాయ్ గారూ? మీ నడుం లోతంటే మా ఆమని తల మీదుగా పోతుంది!"

ఆయన స్పానరు వదిలేసి తల పట్టుకున్నారు. నేను అత్తయ్యకు ఫోన్ చేశాను. "పిల్లని ఎత్తుకోండి. మధ్యకి వెళ్ళండి. పిన్నికివ్వండి ఫోను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏంటే ప్రియా, బయల్దేరమని చెప్పవేం మీ బాబాయిని? అంచంతా చిత్తడైపోయింది. విస్తళ్ళ కిందకొచ్చాయి నీళ్ళు" అంది పిన్ని.

"తాళం వేసేశారు పిన్నీ. చెవి మీ దగ్గరుంది."

పిన్ని మొగుణ్ణి తిట్టిన తిట్లు ఫోను లేకుండానే మా పడవ దాకా వినిపించాయి. ఆ తిట్ల మధ్యలోనే ఆవిడ ఆగింది. "ఉండు. దొప్పలున్నాయి."

సాయంత్రం దీపాలు వదలడానికి అరటి దొప్పలు తెచ్చుకున్నారు. మేము మేటకు దిగువన ఉన్నాం. పై నుంచి వదిలితే నీళ్ళే మా దగ్గరికి తేవాలి. తాళంచెవిని దొప్పకు గుచ్చి వదులుతానంది.

చెవి ఒక్కటే. అది పక్కనుంచి పోతే ఇంకేమీ లేదు. "పిన్నీ, చెవి వద్దు! ముందు ఉత్త దొప్ప వదలండి. ఎటు పోతుందో చూద్దాం."

"కార్తీకంలో ఉత్త దొప్ప వదుల్తారా ఎవరన్నా? వత్తి వెలిగించి వదుల్తా."

"ఏదో ఒకటి! బంతిపువ్వు కూడా పెట్టండి, నాకు కనబడాలి."

మొదటి దొప్ప బయల్దేరింది. వత్తి గాలికి ఆరిపోయింది, పువ్వు మాత్రం కనబడుతోంది. సగం దూరం మా వైపే వచ్చి, తర్వాత ఎవరో పిలిచినట్టు గుంటూరు ఒడ్డు వైపు తిరిగి, మాకు చాలా దూరంగా వెళ్ళిపోయింది. తిరుపతిరావు గారు నేను చూపించిన వైపే చెయ్యి చాపి నిలబడ్డారు. నేను ఆయన భుజం పట్టి ఊపాను. "పడవని అటు జరపగలరా? లంగరు తీయకుండా?"

ఆయనకు పని దొరికింది. లంగరు తాడు కొంత వదిలి, చుక్కాని తిప్పి పట్టుకున్నారు. పారే నీళ్ళు పడవని మెల్లగా పక్కకి తోశాయి. అది పువ్వు పోయిన దారికి అడ్డంగా వచ్చింది.

ఇంకో భయం పుట్టింది నాకు. ఉత్త దొప్ప తేలిక, నీళ్ళ మీద నిలబడి గాలికి పోతుంది. చెవి పెట్టింది బరువుగా మునిగి, నీళ్ళ వెంట పోతుంది. రెండింటి దారీ ఒకటి కాకపోవచ్చు. "పిన్నీ, ఈసారి చెవంత బరువున్నది ఏదన్నా పెట్టి వదలండి."

"చెంచా పెట్టనా?"

"పెట్టండి!"

ఫోనులో వెనకాల ఆమని ఏడుపు వినిపించింది. "నాన్నమ్మా, నా చెట్టు మునిగిపోయిందీ..." అత్తయ్య ఏదో సముదాయిస్తున్నారు.

చెంచా దొప్ప వచ్చింది. నేరుగా వచ్చి, మా పడవ పక్కనే బారెడు దూరంలో జారిపోయింది. నేను వంగి చెయ్యి చాపినా అందలేదు. తిరుపతిరావు గారు చుక్కాని ఇంకాస్త తిప్పి, తాడుతో కట్టేశారు. గెడ తీసుకుని పడవ అంచున బోర్లా పడుకున్నారు. నేను చంటివాణ్ణి బల్లల మధ్య కింద పడుకోబెట్టి, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకున్నాను. ఏమైనా అయితే ఆ చొక్కా ఆపలేదని తెలుసు. అయినా పట్టుకున్నాను.

"వదుల్తున్నా" అంది పిన్ని. "స్వామీ, నరసింహా, ఆయనకి కళ్ళు ఆనవు, నువ్వన్నా చూస్కో."

నేను చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను. పసుపుపచ్చ పువ్వు ఒకటి నీళ్ళ మీద ఊగుతూ వస్తోంది. ఒక చోట సుడిలో పడి గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి బయటపడింది.

"ఎక్కడుందమ్మా? నాకు కనబడట్లా!"

"ఎడమకి. ఇంకా ఎడమకి. చాచండి! ఇప్పుడు!"

గెడ దొప్పకు తగిలింది. దొప్ప ఒక పక్కకి ఒరిగింది. నా ప్రాణం పోయింది. కానీ పిన్ని చెవిని ఊరికే పెట్టలేదు. పిన్నీసుతో దొప్పలోకి గుచ్చి, పైన పసుపు తాడుతో చుట్టింది. గెడతో ఆయన దాన్ని పడవ వైపు నొక్కి పట్టుకుంటే నేను తీశాను. ఆ తాళంచెవి నా గుప్పిట్లో ఎంత చల్లగా ఉందో!

తర్వాత ఆయన చేసిన పనిలో తప్పు లేదు, ఆలస్యం లేదు. తాళం తీశారు. గొలుసు జారింది. చిన్న పడవ నీళ్ళలో పడింది. మా చెప్పుల మీద, జాకెట్ల మీద కూర్చుని ఎదురు తెడ్డేసుకుంటూ వెళ్ళారు. మొదట పిల్లలు. ఆమనిని నా ఒళ్ళోకి అందించినప్పుడు దాని గౌను మోకాళ్ళ దాకా తడిసి ఉంది. గట్టిగా పట్టుకుంటే "అమ్మా, నొప్పి" అంది. వదల్లేదు.

ఆఖర్న పిన్ని మిగిలింది. మేట కనబడటం లేదు. ఆవిడ నీళ్ళలో నిలబడ్డట్టే ఉంది, చీర కుచ్చిళ్ళు నడుముకు దోపుకుని, నెత్తిన పులిహోర గిన్నెతో. పడవ ఎక్కి, గిన్నె దించి, మొగుడి మొహంలోకి చూసి ఒక్క మాట అంది.

"స్టెప్నీ భద్రంగా ఉందిగా?"

ఆయన తెడ్డు అందుకున్నారు. అందరం ఎక్కాక పెద్ద పడవని రేవుకు తిప్పారు. ఎదురొచ్చిన చేపలవాళ్ళకు చెయ్యి ఊపి తిరిగి వెళ్ళమన్నారు. రేవులో దిగాక బల్ల మీద కూర్చుని టీ గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు. పడవ వెనక్కి కూడా చూడలేదు.

ఆ గొలుసు, తాళం ఇప్పుడు వాళ్ళ ఇంటి మేడ మీద నీళ్ళ మోటారుకు ఉన్నాయి. చిన్న పడవకు మాత్రం తాడు. ఒకే ఒక్క ముడి. దాని కొసకు ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది, అది లాగితే చాలు. ముడి వేసింది ఆయనే. ఆయన్ని కూర్చోబెట్టి, రానన్న ముడి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వేయించింది మాత్రం పిన్ని. దొంగల భయం పోలేదు ఆయనకి. పడవలో ఎవరు భోజనం చేస్తున్నా ఆయన వెనక వైపు తిరిగి కూర్చునే తింటారు. "నీళ్ళ వైపు చూస్తా తినవయ్యా, అంత దూరం నుంచి జనం ఆ నీళ్ళు చూట్టానికే వస్తారు" అంటుంది పిన్ని.

ఇక ఆ పడవ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ రోజు మేట మీద మొక్కుకున్న మొక్కు అత్తయ్య తీర్చుకోవాలంటే మాఘంలో మళ్ళీ వేదాద్రి వెళ్ళక తప్పలేదు. రేవులో అందరూ చెప్పులు విప్పి చిన్న పడవలోకి విసిరారు. నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఎర్ర గుడ్డ కనబడుతోంది. తడిసిన తాడు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే ముడి జారుతుందా?

తిరుపతిరావు గారు నా మొహం చూశారు. "లాగి చూస్కో తల్లీ. చూసుకునే ఎక్కు" అన్నారు.

నేను చంటివాణ్ణి చంక మార్చుకునేలోపు ఆమని ముందుకు ఉరికి, రెండు చేతులతో ఆ ఎర్ర గుడ్డ పట్టుకుని లాగేసింది.

చిన్న పడవ ఒక పక్కగా దబ్బున నీళ్ళలో పడింది. మా అందరి చెప్పులూ నదిలోకి దొర్లాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు గొల్లున అరిచారు. ఎవరో గెడ కోసం పరిగెత్తారు. నా చెప్పు ఒకటి వెల్లకిలా తేలుతూ దిగువకు వెళ్ళిపోతోంది.

"పడింది!" తిరుపతిరావు గారు రెండు చేతులూ పైకెత్తి అరిచారు. "చూశావా ప్రేమా? చిన్నపిల్ల లాగినా పడింది!"

"చెప్పులు కూడా పడ్డాయి. పట్టుకురా పో" అంది పిన్ని.

ఆయన కదల్లేదు. అక్కడే నిలబడి ఆ ఉత్త తాడు కొస చేత్తో పట్టుకుని చూసుకుంటున్నారు. నేను మెట్లు దిగాను. ఉత్తికాళ్ళతో, ఆమని చెయ్యి గట్టిగా పట్టుకుని, పడవ ఎక్కాను.